పాత ఇళ్లలో విద్యుత్ తీగల మార్పిడి: గుంటూరు, ప్రకాశం మైదాన ప్రాంత గృహాలు – ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

గుంటూరు, ప్రకాశం మైదానాల్లోని పట్టణాలలో ఐదారు దశాబ్దాల నాటి ఇళ్లు నేటికీ నివాసయోగ్యంగా ఉన్నాయి. వాటిలో చాలా ఇళ్ల గోడలకు రంగులు, గచ్చుకు పలకలు మారాయి గానీ లోపలి విద్యుత్ తీగలు మారలేదు. ఆ తీగలు ఏ అవసరానికి వేసినవి, కాలక్రమంలో ఎందుకు బలహీనపడతాయి, ఈ ప్రాంతపు నేల, ఎండ, పంటలు ఆ ప్రమాదాన్ని ఎలా పెంచుతాయి, మార్పిడి ఏ క్రమంలో జరగాలి అన్న అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: గృహ విద్యుదీకరణ, పాత తీగలు, ఎర్తు, నల్లరేగడి నేల, పత్తి నిల్వ, విద్యుత్ భద్రత.

1. ఉపోద్ఘాతం

జాతీయ నేర గణాంకాల సంస్థ ఇటీవలి నివేదికల ప్రకారం మన దేశంలో విద్యుదాఘాతం వల్ల ఏటా 12 వేలకు పైగా ప్రాణాలు పోతున్నాయి. ఇవన్నీ ఇళ్లలో జరిగినవి కావు. పొలాల్లోను, వీధి తీగల కిందను, పని స్థలాల్లోను జరిగినవీ ఇందులో ఉన్నాయి. అయినా ఇంటిలోని ప్రమాదానికి ఒక ప్రత్యేకత ఉంది. దానిని ముందే గుర్తించవచ్చు, నివారించవచ్చు. వీధి స్తంభం విద్యుత్ సంస్థ బాధ్యత. మీటరు దాటిన తరువాత ఉన్న ప్రతి తీగ గృహస్థుని బాధ్యత. ఈ విభజన చాలామందికి తెలియకపోవడం వల్లనే ఇంటి తీగలను ఎవరూ పరీక్షించని పరిస్థితి ఏర్పడింది.

2. చారిత్రక నేపథ్యం

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడింది. ఆ తరువాతి రెండు మూడు దశాబ్దాలలో కోస్తా పట్టణాలలో గృహ విద్యుదీకరణ విస్తరించింది. గుంటూరులోని బ్రాడీపేట, అరండల్‌పేట, కొత్తపేట, పాతగుంటూరు వంటి పేటలలోను, తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాల, ఒంగోలు పట్టణాలలోను కనిపించే పాత డాబాలు, మద్రాసు టెర్రసు మిద్దెలు, పెంకుటిళ్లు చాలావరకు ఈ దశకో అంతకు పూర్వానికో చెందినవి.

ఆనాటి ఇంటి విద్యుత్ అవసరం స్వల్పం. 60 వాట్ల బల్బులు నాలుగు, 75 వాట్ల పంకాలు రెండు, ఒక రేడియో కలిపితే సుమారు 420 వాట్లు. 230 వోల్టుల వద్ద ఇది రెండు ఆంపియర్ల లోపు ప్రవాహం. తీగల పరిమాణం, స్విచ్చిబోర్డుల సంఖ్య, ఫ్యూజుల అమరిక అన్నీ ఈ లెక్కనే నిర్ణయమయ్యాయి. కాబట్టి పాత తీగలను వేసినవారు తప్పు చేశారనడం సరికాదు. వారు వేసిన తీగల మీద తరువాతి తరాలు మోపిన భారమే అసలు సమస్య.

3. పాత తీగల రకాలు

ఈ ఇళ్లలో ప్రధానంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి. గోడకు బిగించిన టేకు రీపర్ల మీద రేకు క్లిప్పులతో తీగను పరచడం మొదటిది. చెక్క పట్టీలో గాడి తీసి, అందులో తీగ పెట్టి, పైన మూత బిగించడం రెండవది. గోడలోనో శ్లాబులోనో గొట్టం వేసి తీగను లాగడం మూడవది. మొదటి రెండు పద్ధతులలో ఎక్కువగా రబ్బరు తొడుగు గల తీగలను వాడారు. రబ్బరు వేడికి, గాలికి ఎండి పెళుసెక్కుతుంది. కదలనంతకాలం తీగను అంటిపెట్టుకొని ఉన్నట్టే కనిపించినా, బోర్డు విప్పి తీగను వంచగానే పొడిపొడిగా రాలిపోతుంది. తరువాత వచ్చిన పీవీసీ తొడుగు మన్నికైనదే గాని, తీగ పదేపదే మితిమీరి వేడెక్కితే అది కూడా గట్టిపడి పగులుతుంది.

పాత పనివారు తీగలను 3/22, 7/20 అని పిలిచేవారు. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండవది పోగు గేజి. గేజి సంఖ్య పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. 3/22 తీగ అడ్డుకోత వైశాల్యం సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు. నేడు దీపాల వలయానికే 1.5, సాకెట్లకు 2.5, ఏసీ, గీజరు వంటి వాటికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడుతున్నారు.

రాగి కొరత కారణంగా 1960ల నుండి దేశంలో అల్యూమినియం తీగల వాడకం పెరిగింది. అల్యూమినియం ఉపరితలం మీద విద్యుత్తును అడ్డగించే ఆక్సైడు పొర ఏర్పడుతుంది. స్క్రూ ఒత్తిడికి ఆ లోహం క్రమంగా నలిగి, బిగింపు సడలుతుంది. సడలిన చోట నిరోధం పెరిగి, వేడి పుడుతుంది. అందువల్ల అల్యూమినియం తీగలున్న ఇళ్లలో తీగ మధ్యభాగం కంటే అతుకుల వద్ద, స్విచ్చి కొసల వద్ద ప్రమాదం ఎక్కువ. అమెరికాలో 1960ల చివర, 1970ల తొలినాళ్లలో కట్టిన ఇళ్లలోనూ ఇదే సమస్య బయటపడింది.

4. భారం పెరిగిన తీరు

అదే ఇంట్లో నేడు ఒక వేసవి ఉదయం ఏసీ 1600, నీటి మోటారు 1000, ఇస్త్రీ పెట్టె 1000, మిక్సీ 500, ఫ్రిజ్ 150 వాట్లు ఒకేసారి వాడుకుంటున్నాయనుకుందాం. మొత్తం 4250 వాట్లు, అంటే సుమారు 18.5 ఆంపియర్లు. పూర్వపు ప్రవాహానికి ఇది పది రెట్లు. తీగలో పుట్టే వేడి ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి మీటరు నుండి మెయిన్ బోర్డుకు వచ్చే పాత తీగలో వేడి పది రెట్లు కాదు, నూరు రెట్లు అవుతుంది.

ఈ స్థితిలో కాపాడవలసింది జన వ్యవహారంలో ‘ఫీజు’గా స్థిరపడిన ఫ్యూజు. అది తరచు పోతున్నదంటే తీగ మోయలేకున్నదని అర్థం. కాని పింగాణీ ఫ్యూజులో సన్న తీగకు బదులు మందపాటి రాగి పోగు చుట్టడం మన ఇళ్లలో అలవాటుగా మారింది. అలా చేసిన మరుక్షణం నుండి ముందుగా కాలవలసిన ఫ్యూజు కాలదు, గోడలోని తీగ కాలుతుంది.

5. ప్రాంతీయ కారణాలు

5.1 ఎండ: పీవీసీ తీగ 70 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేసేందుకు తయారైనది. 30 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వద్ద 20 ఆంపియర్లు మోయగల తీగ, 45 డిగ్రీల వద్ద 16 ఆంపియర్ల లోపే మోయగలదు. పల్నాడు, గుంటూరు ప్రాంతాల వేసవిలో పెంకుల కింద, రేకుల కింద ఉండే వేడిని తలచుకుంటే ఈ తగ్గింపు ప్రాధాన్యం అర్థమవుతుంది. ఏసీ అత్యధికంగా పనిచేసే మధ్యాహ్నమే తీగ శక్తి కనిష్ఠంగా ఉంటుంది.

5.2 నల్లరేగడి నేల: ఈ నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని నెర్రెలిస్తుంది. దీనివల్ల రెండు హానులు ఉన్నాయి. పునాదులు కదిలి గోడలు బీటలు వారితే అందులోని గొట్టాలు, అతుకులు లాగుడుకు గురవుతాయి. అంతకంటే ముఖ్యమైనది ఎర్తు. తడిగా ఉన్నప్పుడు నల్లరేగడి విద్యుత్తును బాగా గ్రహిస్తుంది. ఎండకాలంలో ఎర్తు కడ్డీ చుట్టూ మట్టి విడిపోయి నిరోధం పెరుగుతుంది. ఉదాహరణకు ఎర్తు నిరోధం 20 ఓములైతే, ఫేజు తీగ ఫ్రిజ్ రేకుకు తగిలినప్పుడు నేలలోకి పోయే ప్రవాహం 11.5 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఫ్యూజు దీనికి పోదు. ఫ్రిజ్ యథాతథంగా నిలబడే ఉంటుంది, దానిని తాకిన మనిషికి ప్రాణాపాయం. కొన్ని ఇళ్లలో ఒకప్పుడు ఇనుప నీటి గొట్టాన్నే ఎర్తుగా వాడుకున్నారు. ఆ గొట్టాల స్థానంలో ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాక ఎర్తు తెగిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

5.3 పత్తి, మిర్చి నిల్వ: ధర కోసం ఎదురుచూస్తూ పత్తిని ఇంటి గదిలోనే పోగు చేయడం ఈ మైదానాల రైతుకు పరిపాటి. మిర్చి టిక్కీలు వసారాలో పేర్చిన ఇళ్లూ ఉంటాయి. పత్తి గోడ తీగలను, బోర్డులను కప్పివేస్తే వేడి బయటకు పోదు. సడలిన అతుకు వద్ద రేగిన చిన్న నిప్పురవ్వ చాలు, పత్తి లోలోపలే రాజుకొని ఆలస్యంగా పొగ రూపంలో బయటపడుతుంది. ఒక ఏడాది పంట, ఆ పంట మీద తెచ్చిన అప్పు, ఆ ఇంటిలో నిద్రించే కుటుంబం – మూడూ ఒకే గది గోడలోని తీగ మీద ఆధారపడి ఉంటాయి. నిల్వ గదికి వెళ్లే తీగను విడిగా ఆపుకొనే వీలుండటం, తీగకు, పత్తికి మధ్య ఎడం ఉండటం కనీస జాగ్రత్తలు.

6. మార్పిడి క్రమం

6.1 పరీక్ష: మొదట 500 వోల్టుల మెగ్గరుతో తీగల తొడుగు నిరోధాన్ని కొలవాలి. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు దీనికి కనీసం ఒక మెగా ఓము ఉండాలని నిర్దేశించాయి. ఎర్తు నిరోధాన్ని వేసవిలో కొలవడం మేలు. వానాకాలపు ఫలితం తప్పుడు ధైర్యాన్ని ఇస్తుంది.

6.2 లెక్క: ఇప్పుడున్న ఉపకరణాలను, రానున్న పదేళ్లలో చేరగల వాటిని గదివారీగా రాసుకోవాలి. అవసరమైతే విద్యుత్ సంస్థ వద్ద మంజూరైన లోడును పెంచుకోవాలి.

6.3 వలయాల విభజన: దీపాలు, సాకెట్లు, ఏసీ, గీజరు, మోటారు వేర్వేరు వలయాలుగా ఉండాలి. ప్రతి వలయానికి తీగ మందానికి తగిన ఎంసీబీ, ప్రత్యేక న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు తీగ అవసరం. న్యూట్రల్‌కు విడిగా ఫ్యూజు ఉంచరాదు. అది పోతే దీపం ఆరిపోయినా ఫేజు సజీవంగానే ఉంటుంది.

6.4 ఆర్‌సీసీబీ: ఫేజులో వెళ్లిన ప్రవాహానికి, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన ప్రవాహానికి తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే ఈ పరికరం సరఫరాను ఆపుతుంది. పైన చెప్పిన 20 ఓముల ఉదాహరణలో ఫ్యూజు చేయలేని పని ఇది చేస్తుంది. అయితే పాత ఇళ్లలో రెండు వలయాలు ఒకే న్యూట్రల్‌ను పంచుకోవడం సాధారణం. అటువంటి చోట ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతుంది. విసిగిపోయి పరికరాన్నే తీసివేస్తారు. తీయవలసింది పరికరాన్ని కాదు, కలిసిపోయిన న్యూట్రల్‌ను.

6.5 గోడల రక్షణ: సున్నపు గోడలను, దూలాల మిద్దెలను లోతుగా గాడి కొట్టడం కట్టడానికి చేటు. వాటికి గోడపై బిగించే పీవీసీ పట్టీలు తగినవి. డబ్బు చాలనివారు గదులవారీగా మార్చుకోవచ్చు. కాని మీటరు నుండి మెయిన్ బోర్డు వరకు తీగ, ఎర్తు, ఆర్‌సీసీబీ ముందుగా జరగాలి. పాత అల్యూమినియం తీగకు కొత్త రాగి తీగను నేరుగా మెలివేయరాదు. పనిని లైసెన్సు గల కాంట్రాక్టరుకే అప్పగించాలి.

7. అద్దె ఇళ్ల సమస్య

తీగలు మార్చే అధికారం యజమానిది, ప్రమాదం అద్దెకున్నవారిది. ఏసీ కొనేది అద్దెదారు. దాని భారం మోసే తీగ యజమాని తండ్రి కాలం నాటిది. ఇంగ్లండులో 2020 నాటి నిబంధనలు అద్దె ఇళ్ల విద్యుత్ ఏర్పాట్లను కనీసం ఐదేళ్లకొకసారి నిపుణునితో పరీక్షింపజేసే బాధ్యతను యజమానిపై ఉంచాయి. మన అద్దె ఒప్పందాలలోనూ పరీక్షా పత్రాన్ని జతచేసే ఆచారం మొదలైతే, చట్టం కోసం ఎదురుచూడకుండానే కొంత మేలు జరుగుతుంది.

8. ముగింపు

పాత తీగల ప్రమాదం వయసు వల్ల మాత్రమే వచ్చేది కాదు. పెరిగిన భారం, మందపాటి ఫ్యూజు తీగ, ఎండిన నేలలో పనిచేయని ఎర్తు, గదిలో పోగుపడిన పంట కలిసినప్పుడు అది తీవ్రమవుతుంది. అందుచేత బల్బు వెలుగుతున్నది కాబట్టి తీగ బాగున్నదనే అభిప్రాయం ఆధారం లేనిది. వెలుగు ప్రవాహానికి సాక్ష్యం, భద్రతకు కాదు. భద్రతకు సాక్ష్యం పరీక్ష ఒక్కటే. ఇంటికి సున్నం వేయించే ముందు గోడలోని తీగను పరీక్షింపజేయడం ఈ మైదానాల గృహస్థులు అలవరచుకోదగిన క్రమం.