ఆకాశం నుంచి దుంకే ముందు

మాది ఆర్మూరు, పసుపు పండే ఊరు. పసుపు ధర పడిపోయిందంటే మా వీధిలో సగం ఇళ్ళల్లో ఆ రాత్రి అన్నం సహించదు. అలాంటి ఊళ్ళో పుట్టిన నాకు, ఎదురు డబ్బు కట్టి మరీ పడేవాళ్ళుంటారని మా అమ్మాయి చెప్పేదాకా తెలియదు!

అమ్మాయి హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతోంది. దుండిగల్ వైమానిక అకాడమీలో పరేడు చూడబోయి, అక్కడ వాయుసేనవారి ‘ఆకాశగంగ’ జట్టు పారాషూట్లతో దిగటం చూసింది. 1987లో ఏర్పడిన జట్టది. సెలవులకు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, “బాపూ! నేను గూడ విమానంల నుంచి దుంకుతా” అన్నది.

నా భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. “దుంకుడేందే? పిచ్చిగిట్ల లేసిందా? మీరన్న చెప్పుండ్రి దానికి!”

“మన జిల్లా పాకాల పిల్ల, మాలావత్ పూర్ణ పదమూడేండ్లకే ఎవరెస్టు ఎక్కలేదా?” అన్నది అమ్మాయి.

నిజమే. 2014 మే 25న ఎక్కింది. “ఎక్కింది బిడ్డా! కాని ముందుగాల భువనగిరి గుట్ట మీద నేర్చుకున్నది. నువ్వు గూడ ముందు తెలుసుకో, తర్వాత దుంకుదువు” అన్నాను.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు మాత్రం ఏం తెలుసు? తండ్రీ కూతుళ్ళం వారం రోజులు కూర్చుని చదువుకున్నాం. మీ ఇంట్లోనూ ఎవరికైనా ఈ కోరిక పుట్టవచ్చు గనుక ఇక్కడ రాస్తున్నాను.

కొత్తవాళ్ళు చాలామంది మొదటిసారి దూకేది జంటగానే. దాన్ని టాండెమ్ అంటారు. మన వీపు శిక్షకుడి ఛాతీకి ఆనేలా పట్టీలు బిగిస్తారు. పారాషూట్ మోసేదీ, తెరిచేదీ ఆయనే. సాధారణంగా పదివేల నుంచి పదమూడువేల అడుగుల ఎత్తున దూకుతారు. కాసేపట్లోనే వేగం గంటకు రమారమి 200 కిలోమీటర్లకు చేరుతుంది, ఆపైన పెరగదు. కిందికి లాగే బరువూ, ఎదురు నెట్టే గాలీ అక్కడ సరితూగుతాయి. ఇద్దరి బరువు కనుక వేగం మరీ హెచ్చకుండా వెనక ఒక చిన్న పారాషూట్‌ను వదులుతారు. నిమిషం లోపలే, సుమారు అయిదువేల అడుగుల దగ్గర, పెద్దది విచ్చుకుంటుంది. తర్వాత అయిదారు నిమిషాలు తేలుతూ దిగటమే.

మన వంతు పని రెండే రెండు. దూకేటప్పుడు కడుపు ముందుకూ, తలా కాళ్ళూ వెనక్కూ పెట్టి విల్లులా వంగాలి. నేల తాకేటప్పుడు, శిక్షకుడు చెప్పగానే, కాళ్ళు ముందుకు ఎత్తి పట్టుకోవాలి. తొందరపడి కాళ్ళు చాపి నిలబడబోతే మడమ విరిగే ప్రమాదముంది. ఒంటరిగా దూకాలంటే మాత్రం చదువు చాలా వుంది. అమెరికాలో మొదటి లైసెన్సుకే కనీసం 25 సార్లు దూకి వుండాలి.

“అది విచ్చుకోకుంటే?” అని అడిగింది నా భార్య. మేం చదివినదానికంతటికీ అసలు ప్రశ్న అదే!

సంచీలో పారాషూట్లు రెండుంటాయి. మొదటిది మొండికేస్తే రెండోది. మనిషి తెరవలేని స్థితిలో వుంటే, తక్కువ ఎత్తులో తనంతట తానే రెండోదాన్ని తెరిచే యంత్రం కూడా వుంటుంది. ఇదంతా ఒక్కరోజులో రాలేదు. 1797లో పారిస్‌లో గార్నెరిన్ బెలూన్ నుంచి దిగినప్పుడు పారాషూట్ నడినెత్తిన గాలి పోయే రంధ్రం లేక, ఉయ్యాలలా ఊగి ఊగి నేలకు చేరాడు. రంధ్రం తర్వాత వచ్చింది. అమెరికాలో 2023లో జరిగిన సుమారు 36 లక్షల 50 వేల దూకుళ్ళలో 10 మంది చనిపోయారు. ప్రమాదం తక్కువ అనవచ్చు గాని, లేదు అనకూడదు.

అందుచేత, డబ్బు కట్టేముందు అడగండి. శిక్షకుడికి లైసెన్సుందా? ఎన్నిసార్లు దూకాడు? రెండో పారాషూట్‌ను ఆఖరిసారి ఎప్పుడు విప్పి, చూసి, మడిచారు? అమెరికాలో దానికి 180 రోజులు గడువు. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట దూకవద్దు.

తర్వాత ఆరోగ్యపత్రం వచ్చింది. గుండెజబ్బు, రక్తపోటు, వెన్నునొప్పి, గర్భం, చెవులు మూసుకుపోయే జలుబు – అన్నీ అడిగారు. “ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?” అన్నచోట మా అమ్మాయి ‘లేదు’ అని రాయబోయింది.

నేను చేయి పట్టుకున్నాను. మూడేళ్ళప్పుడు జ్వరంలో నా చేతుల్లోనే కొయ్యబారిపోయింది. ఆ రాత్రి నిజామాబాదు ఆసుపత్రి దాకా జీపులో ఎలా వెళ్ళామో నాకు తెలుసు.

“రాస్తే దుంకనియ్యరు బాపూ!”

“దుంకనియ్యకుంటే దుంకకు. నీ వెనక కట్టుకున్న ఆయనకు గూడ ఇంట్ల పిల్లలుంటరు గద!”

అమ్మాయి మారు మాట్లాడలేదు. నిజమే రాసింది. డాక్టరుగారు పరీక్ష చేసి, పసితనంలో జ్వరానికి వచ్చిన ఫిట్సు వేరు, మూర్ఛరోగం వేరు అని వివరంగా ఉత్తరమిచ్చారు. కేంద్రంవారు అది చదువుకున్నాకే సరేనన్నారు.

ఉత్తరాదిన వున్న ఆ మైదానానికి నేనూ వెళ్ళాను. రాత్రి బాగా నిద్రపోయి, పొద్దున తేలికగా ఫలహారం చేసి, గాజులూ దుద్దులూ తీసి నాకిచ్చి, లేసుల బూట్లు బిగించుకుంది. రెండు గంటలు కూర్చోబెట్టి, “గాలి ఎక్కువగా వుంది, ఇవాళ లేదు” అన్నాడు శిక్షకుడు. అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు మాత్రం అప్పుడే ధైర్యం కలిగింది. వద్దనగలిగినవాడి చేతిలో బిడ్డను పెట్టవచ్చు. “తలుపు దాకా పోయినంక భయమైతే నువ్వు గూడ వద్దను. డబ్బులు పోతే పోనీ” అని చెప్పాను.

మర్నాడు గాలి తగ్గింది. ఆకాశంలో చుక్కంత కనిపించి, గొడుగంతై, చివరికి మా పిల్లయి, కాళ్ళెత్తి, పచ్చికలో కూలబడి నవ్వింది.

ఇంటికి ఫోను చేశాను. మొదటి గంటకే ఎత్తింది నా భార్య.

“దిగిందా?”

“దిగింది.”

“అయితే ఇగ అన్నం తింట” అని పెట్టేసింది.