పాతబండ్లు, తడి ఇసుక

మనకు సముద్రము లేదు. ప్రొద్దుటూరువారికి గాని, జమ్మలమడుగువారికి గాని ఇసుక అంటే పెన్న ఇసుకే. పులివెందులవారు ఆ ఇసుకను చూచుటకు కూడ కొంత ప్రయాణము చేయవలసినదే. అయినను, సముద్రపుటొడ్డున పాతకాలపు కార్లను, మోటారు సైకిళ్ళను పరుగెత్తించు ఒక వింత ఉత్సవమును గురించి వ్రాయదలచినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది పెన్నయే.

ఎండకాలములో ఏటిని కాలినడకన దాటినవారికి ఈ సంగతి అనుభవమే. గట్టు దిగినది మొదలు పాదము మడమదాక కూరుకొనిపోవును. రెండడుగులు ముందుకు వేసినచో ఒక అడుగు వెనుకకు జారినట్లుండును. ఎద్దులబండి మాట చెప్పనక్కరలేదు. చక్రములు ఇసుకను కోసికొని దిగబడును. బండివాడు క్రిందికి దూకి చక్రపు ఆకులు పట్టి త్రిప్పవలసివచ్చును. అదే మనిషి నీటిచాలు దగ్గరకు వచ్చుసరికి నేల మారిపోవును. చెమ్మగిల్లిన ఇసుక కాలిక్రింద గచ్చువలె గట్టిగా నిలుచును. ఇంకొక నాలుగడుగులు వేసి నీటిలోనికి దిగినామా, మరల మెత్తన. ఇసుక ఒకటే, గుణములు మాత్రము మూడు. (ఆ ఇసుక కూడ ఇప్పుడు ట్రాక్టర్లకెక్కి ఊళ్ళలో మిద్దెలై పోవుచున్నది. మన మనుమలకు ఈ పాఠము చెప్పుటకు ఏటిలో ఎంత మిగులునో!)

పిచ్చుకగూడు కట్టిన ప్రతి పిల్లవానికి ఈ రహస్యము తెలుసు. పాదముమీద పొడి ఇసుక పోసి ఎంత తట్టినను గూడు నిలువదు. తడి ఇసుక అయితే పాదము మెల్లగా లాగికొన్న తరువాత కూడ కప్పు కూలదు. ఇసుకరేణువుల నడుమ చేరిన పలుచని నీటిపొర, తన తలతన్యత వలన, రేణువును రేణువుతో బిగించి పట్టుకొనును. నీరు లేనిచో ఆ పట్టు లేదు. నీరు మించి, రేణువుల నడుమనున్న సందులన్నియు నిండిపోయినచో ఆ పట్టు సడలిపోవును. ఆ రెంటికి మధ్యనున్న కొద్దిపాటి చెమ్మమీదనే ఒక కాలమున ప్రపంచములోని అతివేగమైన కార్లన్నియు పరుగెత్తినవి.

ఈ శతాబ్దపు రోడ్లను చూచినవారికి ఇది నమ్మశక్యముగా తోచదు. కాని మోటారుకారు పుట్టిన తొలినాళ్ళలో రోడ్డు అనగా బండ్లదారియే. గుంటలు, దుమ్ము, గుఱ్ఱపులాడముల మేకులు. నిలువుగా ఏడెనిమిది మైళ్ళు వంపులేకుండ, మిట్టపల్లములు లేకుండ సాగిన నేల ఎక్కడ దొరకును? సముద్రము ఆటునకు వెనుదీసి పరచి చూపిన ఒడ్డున దొరికినది. అన్ని సముద్రతీరములు ఇందుకు పనికిరావు. మన పెన్న కలిసెడి నెల్లూరు తీరములో ఆటుపోటుల వ్యత్యాసము మీటరు ప్రాంతమే. ఒడ్డు వాలుగా ఉండును. తడి ఇసుక సన్నని అంచువలె మాత్రమే మిగులును. పైగా మన తూర్పుతీరపు ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. అక్కడ చక్రములు తిరుగకుండుటయే మేలు. బ్రిటనులోని వేల్సు దేశపు దక్షిణతీరమున పెండైన్ అను గ్రామమున్నది. అక్కడ పెద్ద పోటునాడు నీరు ఏడెనిమిది మీటర్ల ఎత్తు లేచి దిగును. నీరు దిగినప్పుడు ఏడు మైళ్ళ పొడవున ఇసుకమైదానము బయటపడును. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు ఆర్మండ్, డేటోనా తీరములు కూడ అట్టివే.

ఆర్మండ్ తీరములో 1903లో పందెములు మొదలైనవి. 1906లో ఫ్రెడ్ మారియట్ అనునతడు అక్కడ గంటకు 205 కిలోమీటర్ల వేగముతో పోయినాడు. ఆ కారు పెట్రోలుతో నడచినది కాదు, ఆవిరితో! మరుసటి ఏడు గ్లెన్ కర్టిస్ ఎనిమిది సిలిండర్ల ఇంజనును ఒక మోటారు సైకిలుకు బిగించి, దానిపై కూర్చుండి గంటకు 219 కిలోమీటర్లు దాటినాడు. ఈ కర్టిసే తరువాత విమానముల నిర్మాతగా పేరు పొందినాడు. బ్రేకులు అంతంత మాత్రము, తలకు రక్షణ తోలుటోపీ. ఆ సాహసమును మెచ్చుకొనవలెనో, మందలింపవలెనో నాకు ఇప్పటికి తేలలేదు.

మందలింపవలసిన సందర్భములు లేకపోలేదు. డెన్మార్కులోని ఫానో ద్వీపపు ఇసుకమీద 1919 మొదలు పందెములు జరిగినవి. 1924లో మాల్కం కాంబెల్ అక్కడ కారు తోలుచుండగా ముందుచక్రపు టైరు ఊడి, చూడవచ్చిన జనములోనికి దూసికొనిపోయి ఒక బాలుని ప్రాణము తీసినది. ఫానోలో పందెములు అంతటితో ఆగిపోయినవి. కాంబెల్ ఆగలేదు. అదే ఏడు సెప్టెంబరులో పెండైన్‌కు పోయి గంటకు 235 కిలోమీటర్ల రికార్డు సాధించినాడు. రికార్డుల పట్టికలో ఆ అంకె ఉన్నది. ఆ బాలుడు లేడు.

పెండైన్‌లో కాంబెల్‌కు పోటీగా నిలిచినవాడు జాన్ గాడ్‌ఫ్రీ పారీ థామస్. వేల్సు దేశస్థుడు, మంచి ఇంజనీరు. లేలండ్ మోటారు కంపెనీలో ప్రధాన ఇంజనీరుగా పనిచేసినవాడు. కాంబెల్ వలె ధనికుడు కాడు. పందెములో మరణించిన ఒక జమీందారు కారును 125 పౌనులకు కొని, దానిని తన చేతులతో మార్చికొన్నాడు. అందులోనిది 27 లీటర్ల విమానపు ఇంజను. వెనుకచక్రములను గొలుసులు త్రిప్పును, మన సైకిలులో వలెనే. ఆ కారునకు ముద్దుగా 'బాబ్స్' అని పేరు పెట్టినాడు. 1926 ఏప్రిలులో బాబ్స్ గంటకు 275 కిలోమీటర్ల వేగమును అందుకొన్నది. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును: సెకనుకు 76 మీటర్లు. తడి ఇసుకమీద!

1927 ఫిబ్రవరిలో కాంబెల్ ఆ వేగమును మించినాడు. థామస్ దానిని తిరిగి గెలుచుకొనవలెనని మార్చి 3వ తేదీన పెండైన్ ఇసుకమీదికి వచ్చినాడు. పరుగు నడుమ కారు అదుపు తప్పి పల్టీలు కొట్టినది. థామస్ అక్కడికక్కడే మరణించినాడు. గొలుసు తెగి తలకు తగిలినదని చాలకాలము చెప్పుకొన్నారు. తరువాతి పరిశీలకులు దానిని ఒప్పుకొనలేదు. ఆయన మిత్రులు చేసిన పని విచిత్రమైనది. కారు ఆసనములను కోసి, వేగమును చూపు పరికరములను పగులగొట్టి, ఆ ఇసుకలోనే గొయ్యి త్రవ్వి బాబ్స్‌ను పూడ్చిపెట్టినారు. మనిషికి చేసినట్లే యంత్రమునకు కూడ అంత్యక్రియ చేసినారు.

ఇసుక ఆట అటుపై ఎంతో కాలము సాగలేదు. వేగము పెరిగినకొద్ది ఇసుకమీద అలలు దిద్దిన సన్నని మడతలు కూడ మెట్లవలె తగిలినవి. కాంబెల్ 1935 మార్చిలో డేటోనాలో గంటకు 445 కిలోమీటర్లు పోయి, ఇక ఈ నేల చాలదని అదే ఏడు అమెరికాలోనే బానవిల్ అను ఉప్పుమైదానమునకు మారినాడు. డేటోనాలో సాధారణపు కార్ల పందెములు 1958 వరకు ఒడ్డున జరిగినవి. 1959లో సమీపముననే తారు పరచిన పందెపుబాటను తెరచినారు. సముద్రతీరము మరల గవ్వలేరుకొను పిల్లలదైనది.

అర్ధశతాబ్ది గడచిన తరువాత ఆ పాతబండ్లు ఇసుకకు తిరిగివచ్చినవి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో 2012లో ఇట్టి ఉత్సవమొకటి పుట్టి, మరుసటి ఏడు వైల్డ్‌వుడ్ అను తీరపట్టణమునకు చేరినది. దానికి వారు పెట్టుకొన్న పేరు 'పెద్దమనుషుల పందెము' అని తెనిగింపవచ్చును. పెండైన్‌లో 2013 నుండి పాతకార్లవారు కూడుకొనుట మొదలైనది. ఫానోకు దక్షిణముననున్న రోమో ద్వీపములో 2016 నుండి ఇట్టి పండుగ జరిగినది. నియమములు ఒకొక్కచోట ఒకొక్క విధముగా ఉన్నను మూలసూత్రము ఒక్కటే: బండి ఫలానా సంవత్సరమునకు ముందుది కావలెను. రోమోలో ఆ హద్దు 1947. ఇద్దరిద్దరుగా బరిలో నిలిచి, జెండా ఊపగానే రెండువందల మీటర్ల దూరము పరుగు. అంతే. రికార్డుల ఊసు లేదు. ఎప్పుడు మొదలుపెట్టవలెనో, ఎప్పుడు ఆపవలెనో నిర్ణయించునది సముద్రము. పోటు వచ్చుచున్నదనగా ఎంతటి శ్రీమంతుడైనను తన బండిని గట్టుమీదికి ఎక్కింపవలసినదే.

ఇది మన పాఠకులకు తెలిసిన వ్యవహారమే. ఉగాదికో, శ్రీరామనవమికో, ఊరి తిరునాళ్ళకో మన పల్లెలలో జరుగు బండలాగుడు పోటీలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వారు బండి పుట్టిన సంవత్సరము చూచినట్లే మనవారు ఎద్దు నోరు తెరచి పళ్ళు చూతురు. పాలపళ్ళవి ఒక తరగతి, రెండుపళ్ళవి ఒకటి, నాలుగుపళ్ళవి మరొకటి. నిర్ణయించిన నిమిషములలో ఆ జత బండను ఎంత దూరము లాగినదో కొలత వేసి బహుమతి ఇత్తురు. ఆ ఎద్దులలో ఎన్ని అరక కట్టి ఎరుగును? దున్నుటకు ట్రాక్టరు వచ్చినది, మోయుటకు లారీ వచ్చినది. పని పోయినది, పోటీ మిగిలినది. ఆ పోటీ కొరకే కొందరు రైతులు నేటికిని కోడెలకు ఉలవలు వండి పెట్టి, తమ బిడ్డలవలె సాకుచున్నారు. పోటీయే లేనిచో ఆ జాతిపశువులను ఎవరు కొట్టములో కట్టివేసికొందురు? ఎద్దునకు నొప్పి ఉన్నది, యంత్రమునకు లేదు; ఆ భేదమును మరువరాదు. ముల్లుకఱ్ఱకు తావులేని పోటీయే పోటీ.

యంత్రము మాట వేరు; దానికి నొప్పి లేదు గాని తుప్పు ఉన్నది. నడువక నిలిచిన యంత్రము చెడును. మన వీథులలో దడదడలాడుచు పోవు బుల్లెట్టు మోటారు సైకిలును చూడుడు. అది ఇంగ్లాండులోని రెడిచ్ పట్టణమున పుట్టినది. 1955లో మద్రాసులో దాని తయారీకి కంపెనీ ఏర్పడినది. రెడిచ్ కార్ఖానా 1967లో మూతబడినది. మద్రాసుది ఆగలేదు, 1977 నుండి ఆ బండి పుట్టింటికే ఎగుమతి అయినది. ఒక దేశమున పాతబడిన యంత్రము మరొక దేశమున బ్రతికినదన్నచో, ఇక్కడ దానిని ప్రతిదినము తోలినారు, విప్పినారు, బిగించినారు. చెట్టుక్రింద మెకానిక్కు చేతిలో పానాలు ఆగలేదు.

పెండైన్ ఇసుకలోని బాబ్స్‌కు అట్టి భాగ్యము నలువదిరెండేండ్లు లేకపోయినది. అది పూడిన చోటు క్రమముగా సైనికుల ఆయుధపరీక్షల ఆవరణలోనికి పోయినది. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అను ఇంజనీరింగు అధ్యాపకుడొకడు దానిని వెలికితీయ సంకల్పించినాడు. సైన్యమువారి అనుమతి సంపాదించినాడు. చనిపోయినవాని గుర్తుగా పూడ్చినదానిని త్రవ్వుట తగునా అని అడిగినవారు అడిగినారు. అది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మన ఊళ్ళలోనైనను సమాధిని కదిలించుటకు ఎవరు ఒప్పుకొందురు? కాని నా మనసు ఆ అధ్యాపకుని వైపే మొగ్గుచున్నది. థామస్ తన చేతులతో మార్చికొన్న ఆ కారును ఉప్పునీరు తినివేయుచుండుట చూచి ఊరకుండుట ఏమి గౌరవము?

ఇసుక తొలగించి చూచిరి. పైరేకులు చాలవరకు శిథిలమైనవి. ఇనుము తుప్పుపట్టి పొరలుగా ఊడినది. ఓవెన్ దానిని ఇంటికి చేర్చి, ఏండ్ల తరబడి ఒక్కొక్క భాగమును శుభ్రము చేసి, లేనివానిని క్రొత్తగా చేయించి, ఆ 27 లీటర్ల ఇంజనును మరల పలికించినాడు. బాబ్స్ ఇప్పుడు వేసవి నెలలలో పెండైన్‌లోని వేగపు ప్రదర్శనశాలకు వచ్చును. కిటికీలోనుండి చూచినచో ఆ ఇసుకయే కనబడును.