4.3 మెదక్ చర్చి: నిర్మాణం, చరిత్ర

ఇంగ్లండులోని పాత చర్చిలలో కనిపించే గోథిక్ శైలిని తెలుగు నేలపై పరిశీలించడానికి మెదక్ చర్చి మంచి ఉదాహరణ. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో దీని నిర్మాణం మొదలైంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

గోథిక్ శైలికి ప్రాణం మొనదేలిన కమాను. గుండ్రని కమానుకంటే ఇది పక్కగోడలను తక్కువగా నెడుతుంది; బరువును ఎక్కువగా కిందికి దింపుతుంది. ఆ బరువును స్తంభాలు మోస్తాయి కాబట్టి గోడలలో పెద్ద కిటికీలకు చోటు దొరుకుతుంది. క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం చిత్రించిన ఇక్కడి రంగు గాజు కిటికీలను ఈ దృష్టితో చూడాలి. చర్చి పొడవు సుమారు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంట గోపురం ఎత్తు 175 అడుగులు.

అయితే శైలి ఒక్కటే కట్టడం చరిత్ర కాదు. అప్పట్లో చుట్టుపక్కల పల్లెలు కరవుతో అల్లాడుతున్నాయి. పాస్నెట్ ఆ ప్రజలకు నిర్మాణంలో పని కల్పించి, బదులుగా తిండి పెట్టించారు. అంటే రూపం ఇంగ్లండుది, శ్రమ మెదక్ పల్లెలది.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత ఇది మెదక్ అధ్యక్ష మండలానికి కేథడ్రల్, అనగా బిషప్ పీఠం ఉన్న చర్చి అయింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ప్రాంతంలోని ఒక పాత ప్రార్థనాలయాన్ని ఎవరు కట్టించారు? కట్టిన చేతులు ఎవరివి?