చెంచుల విల్లు, ఊళ్లోవాళ్ల పళ్లెం

మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు చెంచుల వేట సంగతి ఎత్తితే రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. అడవిని తినేసింది వాళ్లేనని ఒకరంటారు. అడవిబిడ్డలు, ఏం చేసినా చెల్లుతుందని ఇంకొకరంటారు. రెండూ గూడెం బయట కూర్చుని చెప్పే మాటలే.

అపోహ: చెంచులు వేటాడి వేటాడి నల్లమల అడవిని ఖాళీ చేశారు.

వాస్తవం: 1940 ప్రాంతంలో చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని పరిశీలించిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో వాళ్ల మీద పుస్తకం ప్రచురించాడు. అందులో కనిపించే చెంచుల కడుపు ప్రధానంగా దుంపలతో, పండ్లతో నిండేది. వేట మాంసం దాని తర్వాతే. అడవికి పెద్ద దెబ్బలు వేరే వైపు నుంచి తగిలాయి: దొరల షికార్లు, పులిని చంపితే బహుమతి ఇచ్చిన బ్రిటిష్ సర్కారు, వెదురు, కలప కాంట్రాక్టులు, ఆపైన సాగర్, శ్రీశైలం జలాశయాలు.

అపోహ: 2006 అటవీ హక్కుల చట్టంతో వేట హక్కు కూడా వచ్చింది.

వాస్తవం: రాలేదు. తేనె, వెదురు, గడ్డలు వంటి అటవీ ఫలసాయం మీద హక్కు ఉంది. తరతరాలుగా అనుభవిస్తున్న ఇతర హక్కులనూ ఆ చట్టం గుర్తించింది. అయితే వేటాడటం, ఉచ్చు పెట్టడం, అడవి జంతువు శరీరంలో ఏ భాగాన్నైనా తీసుకోవడం ఆ హక్కుల్లోకి రావని అక్కడే రాసింది.

అపోహ: ఆదివాసీ వేట మీద ప్రపంచమంతా ఇదే చట్టం.

వాస్తవం: మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 సెప్టెంబరులో వచ్చింది. ఆరు వారాలకు అమెరికా సముద్ర క్షీరదాల రక్షణ చట్టం చేసింది. అందులో అలాస్కా తీరపు ఆదివాసులు తిండికీ చేతిపనులకూ సీల్‌లను, తిమింగలాలను వేటాడుకోవచ్చని మినహాయింపు పెట్టింది. ఆ వేటా నిరాటంకంగా సాగలేదు. 1977లో అంతర్జాతీయ తిమింగల కమిషన్ బోహెడ్ అనే తిమింగల జాతి తగ్గిపోయిందని దాని వేటను ఆపేయమంది. వేటగాళ్లు ఒప్పుకోలేదు. మంచు కిందుగా, తీరానికి దూరంగా పోయే తిమింగలాలు మీ లెక్కలోకి రావడం లేదన్నారు. మరుసటి ఏడాది చిన్న కోటా వచ్చింది. ఆ తర్వాత నీటిలో మైకులు దించి శబ్దాలు విని లెక్కపెడితే వేటగాళ్ల మాటే నిజమైంది.

మన వన్యప్రాణి చట్టంలోనూ అలాంటి మినహాయింపు తలుపు ఒకటి ఉంది. 65వ సెక్షన్ నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కులను కదపలేదు. నల్లమలకు ఆ తలుపు తీయలేదు. ఇది అన్యాయమని వెంటనే అనేయాలనిపిస్తుంది కానీ, నాకు అంత తేలిగ్గా తెగడం లేదు. తిమింగలాల మీద పులి ఆధారపడదు. ఇక్కడ దుప్పి, కణితి పులికీ ఆహారమే. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. పులి నిలవాలంటే దాని ఆహారం నిలవాలి. కానీ అలాస్కా వేటగాణ్ని కూర్చోబెట్టి నీ లెక్క ఏమిటని అడిగారు. ఆ ప్రశ్న చెంచు పెద్దను అడగాల్సిన పద్ధతిలో ఎవరు అడిగారు?

అపోహ: విల్లు పడితే సంప్రదాయం, తుపాకీ పడితే నేరం.

వాస్తవం: మన చట్టం పనిముట్టును బట్టి తీర్పు చెప్పదు, వేటైతే చాలు. నైతికంగా చూసినా ఈ గీత నిలవదు. తిమింగలం త్వరగా ప్రాణం విడవాలనే అలాస్కా వేటగాళ్లు నార్వేలో తయారైన పేలుడు బాణాలకు మారారు. పాత బాణం తగిలిన జంతువు ఎక్కువసేపు గిలగిలలాడొచ్చు. బాధ జంతువుది, పనిముట్టు పాతదైనంత మాత్రాన అది తగ్గదు.

అపోహ: చెంచులను అడవి దాటిస్తే పులికి మేలు.

వాస్తవం: వన్యప్రాణి చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం పులుల అభయారణ్యాల నుంచి ఆదివాసులను వాళ్లు ఇష్టపడితేనే తరలించాలి. పైగా ఈ అడవిలో అటవీశాఖ కాపలా శిబిరాల్లో చెంచులు పనిచేస్తున్నారు. జాడ చూసి జంతువును చెప్పగలిగే కన్ను వేటే ఇచ్చింది.

అపోహ: ఉడుము మాంసం తింటే నడుముకు బలం.

వాస్తవం: దీనికి ఆధారం లేదు. ఈ నమ్మకం ఖరీదు మాత్రం ఎక్కువే. పట్నంలో కొనేవాళ్లుంటే గూడెంలో పట్టేవాళ్లు పుడతారు. దాన్ని సంప్రదాయం అనడం నాకు మింగుడుపడదు, అది గిరాకీ. దొరికిపోయినప్పుడు పత్రికల్లో పడేది పట్టినవాడి ఫోటో. ఉడుము వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఆ మాంసం కొన్నవాడికీ మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా పడొచ్చు.