నవంబరు ఒకటవ తేది

1956 అక్టోబరు 31 రాత్రి యూసుఫ్‌గూడలో నిద్రించినవారు హైదరాబాదు రాష్ట్రమున నిద్రించి, మరునాడు ఆంధ్ర ప్రదేశమున మేల్కొనిరి. ఇల్లు కదలలేదు, బావి కదలలేదు; రాష్ట్రమే మారినది. ఆ ఉదయముననే ఔరంగాబాదువారు బొంబాయి రాష్ట్రమునకును, గుల్బర్గావారు మైసూరు రాష్ట్రమునకును చెందిరి. కేరళము అవతరించినదియు నాడే. హైదరాబాదు అను పేరు నగరమునకు నిలిచినది. రాష్ట్రమునకు మాత్రము నాటితో చెల్లిపోయినది.

తెలుగువారందరును ఒక పాలన క్రిందికి వచ్చిరని సంతసించినవారు ఎందరో కలరు. కాని అంతకుముందు ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందమందలి హామీలు నెరవేరలేదని తెలంగాణమున అసంతృప్తి పెరిగి, 1969లో ఉద్యమమైనది. పిమ్మట ఇదే తేదిని విద్రోహదినముగ పాటించినవారు కలరు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడగా యూసుఫ్‌గూడ వాసులకు రాష్ట్రావతరణ దినమే మారినది. ఒక ఇంట పండుగయైన దినము ప్రక్క ఇంట వేదనయగుట చరిత్రలో అరుదు కాదు.

1956లో ఇన్ని మార్పులు ఒక్కనాడే జరుగుట కాకతాళీయమని తలపరాదు. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ శాసనమే ఆ తేదిని నిర్ణయించినది. నెల మొదటి దినము జీతములకు, జమాఖర్చులకు అనుకూలము గదా! 1966లో హర్యానా, 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడినదియు, 1973లో మైసూరు రాష్ట్రము కర్ణాటకమను పేరు దాల్చినదియు నవంబరు 1ననే. వీనికి గ్రహబలము వెదకనక్కరలేదు. కచేరీ గుమాస్తా పంచాంగము చాలును.

నిజముగ యాదృచ్ఛికమైనది వేరొకటి కలదు. 1858 నవంబరు 1న అలహాబాదులో కానింగు ప్రభువు విక్టోరియా రాణి ప్రకటనను చదివి, కంపెనీ పాలన తొలగి రాణి పాలన వచ్చినదని చాటెను. తొంబదియారేండ్లకు, 1954లో, సరిగా అదే తేదిని గోదావరి ఒడ్డునగల యానాము పాలన ఫ్రెంచివారి చేతినుండి భారత ప్రభుత్వమునకు వచ్చినది. పుదుచ్చేరి, కారైకాలు, మాహే పట్టణములును నాడే వచ్చినవి. చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16న గాని ముగియలేదు. పరాయి పాలన ఒకటి స్థిరపడిన తేదినే మరియొకటి వైదొలగినది. ఆ రెంటికిని ఏ సంబంధమును లేదు.

ఇక 1966. ఆంధ్ర ప్రదేశమునకు పదియేండ్లు నిండిన నాడు విశాఖపట్టణమున, ఉక్కు కర్మాగారము కావలెనని ఉద్యమించిన జనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. పలువురు అసువులు బాసిరి. అక్టోబరు 15న నిరశన దీక్షబూనిన టి. అమృతరావుగారు అప్పటికింకను దీక్షలోనే యుండిరి. కర్మాగారమును స్థాపింతుమని ప్రధాని ఇందిరాగాంధి పార్లమెంటులో ప్రకటించుటకు 1970 ఏప్రిలు 17 వరకు వేచియుండవలసివచ్చినది. మరుసటి యేడు జనవరి 20న ఆమెయే శంకుస్థాపన చేసెను.