ఇంటి కేకుకు ముస్తాబు



మా రాత్రి బడికి వచ్చే ఒక అక్క మొన్న జూన్‌లో ఒకరోజు పెందలాడే వచ్చింది. పుస్తకం తెరవలేదు. పలక పట్టలేదు.

"టీచరమ్మా, రేపు రాత్రి మా ఇంట్ల దావతు. బగారన్నం, కోడికూర వండుతున్న. బిడ్డ ఎల్లుండి హాస్టలుకు పోతది. కేకు గూడ కోయాలంటున్నరు పిల్లలు. బేకరీల అడిగితే ఐదు వందలు జెప్పిండు. నాకు రవ్వ కేకు చేసుడు వస్తది. కాని అది ఉత్తగ ఉంటది, మట్టి రంగుల ఉంటది. చుట్టాల ముందట పెడితే నవ్వరా?" అన్నది.

నవ్వరు అన్నాను. ఉత్త కేకును దావతు కేకుగా మార్చడం పెద్ద విద్యేమీ కాదు. మన ఇబ్రహీంపట్నం నుండి హైదరాబాద్ ముప్పై కిలోమీటర్లు. అక్కడి పెళ్ళిళ్ళలో డబుల్ కా మీఠా పెడతారు. మీరూ తినే ఉంటారు. అందులో ఏముంది? ఉత్త డబుల్‌రొట్టె. దాన్ని నేతిలో వేయించారు. పాకంలో, పాలలో నానబెట్టారు. మీద జీడిపప్పు, బాదం చల్లారు. అంతే, రొట్టె ముక్క పెళ్ళి భోజనం అయింది. మన కేకు కూడా అంతే.

ముందు కేకు సంగతి చూద్దాం. గ్లాసున్నర సన్న రవ్వ, గ్లాసు చక్కెర, గ్లాసు పెరుగు, అర గ్లాసు పాలు, అర గ్లాసు నూనె కలపండి. అరగంట నాననివ్వండి. చివరన ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా వంట సోడా, నాలుగు ఇలాచీల పొడి వేసి కలపండి. సోడా, పెరుగు పులుపు కలిస్తే గాలి బుడగలు పుడతాయి. ఆ బుడగలే కేకును పొంగిస్తాయి. అందుకే సోడా కలిపాక ఆలస్యం చేయవద్దు, బుడగలు పోతాయి. ఎక్కువ పొంగాలని ఎక్కువ సోడా వేస్తే కేకు సబ్బు రుచి వస్తుంది.

బేకరీ అచ్చు లేదని దిగులు వద్దు. కేరళలో తలశ్శేరి అనే ఊరు ఉంది. అక్కడ మంబళ్ళి బాపు అనే బిస్కెట్ల వ్యాపారి 1883లో ఒక తెల్లదొర ఇచ్చిన కేకును రుచి చూశాడు. అలాంటిదే తానూ చేసి ఇచ్చాడు. అచ్చును కమ్మరి చేత చేయించుకున్నాడని చెబుతారు. మనకు కమ్మరి కూడా అక్కర్లేదు. అన్నం గిన్నె చాలు. లోపల నూనె రాసి, కొంచెం పిండి చల్లండి. అడుగున పాత వార్తాపత్రిక మాత్రం వేయకండి. అచ్చు సిరా తిండికి అంటుతుంది.

పేలాలు వేయించే ఇసుక మీకు తెలుసు కదా! మందపాటి పెద్ద గిన్నెలో అంగుళం మందం ఇసుక పోయండి. మూత పెట్టి పది నిమిషాలు వేడి చేయండి. ఇసుక మీద చిన్న పీట లాంటిది పెట్టి, దాని మీద కేకు గిన్నె దించండి. మళ్ళీ మూత పెట్టి సన్నటి మంట మీద ముప్పావు గంట ఉంచండి. కట్టెల పొయ్యి అయితే దమ్ బిర్యానీకి పెట్టినట్టు మూత మీద కొన్ని నిప్పులు పెట్టండి. శుభ్రమైన పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి.

ఇక ముస్తాబు. మొదటి మాట: కేకు పూర్తిగా చల్లారాలి. వేడి మీద వెన్న పూస్తే నూనె అయి కారిపోతుంది. ఆ అక్క మొదటిసారి తొందరపడి పూసింది, అంతా జారి తాంబాళంలోకి వచ్చింది.

రెండో మాట: కేకును బోర్లించండి. పొంగిన వైపు గుండ్రంగా, పగుళ్ళతో ఉంటుంది. అడుగు వైపు అద్దంలా చదునుగా ఉంటుంది. దాన్నే పైకి పెట్టుకుంటే సగం అందం వచ్చినట్టే. అర గ్లాసు నీళ్ళలో అర గ్లాసు చక్కెర కరిగించి, చల్లార్చి, చెంచాతో మీద కొద్దికొద్దిగా చల్లండి. రవ్వ కేకు తొందరగా ఎండుతుంది. ఈ నీళ్ళతో మెత్తగా ఉంటుంది.

ఇక మీద పూసే క్రీము. బేకరీ వాడు ఏవేవో డబ్బాలు వాడతాడు. మనకు బర్రె వెన్న ఉంది. ఆవు వెన్న పచ్చగా ఉంటుంది, బర్రె వెన్న తెల్లగా ఉంటుంది. తెల్ల క్రీముకు అంతకన్నా మంచిది లేదు. అర గ్లాసు తాజా వెన్న తీసుకోండి. నీళ్ళలో కడిగి, చేత్తో నొక్కి నీళ్ళన్నీ పిండేయండి. నీళ్ళు మిగిలితే క్రీము విరుగుతుంది. గ్లాసు చక్కెర పొడిని జల్లెడ పట్టి, కొంచెం కొంచెంగా వేస్తూ గిలకొట్టండి. చేయి నొస్తుంది, నిజమే. పిల్లలకు తలా ఒక వంతు ఇవ్వండి. ఎండాకాలమైతే గిన్నెను చల్లని నీళ్ళ తట్టలో పెట్టి గిలకొట్టండి. వెన్న లేకపోతే గట్టి పెరుగును గుడ్డలో మూట కట్టి నాలుగు గంటలు వేలాడదీయండి. నీరంతా కారాక చక్కెర పొడి కలపండి. అది కూడా బాగుంటుంది. కాని తొందరగా పులుస్తుంది, పేరు రాయడానికి నిలవదు.

రంగు దగ్గర జాగ్రత్త కావాలి. పిల్లలు గులాబి రంగు అడుగుతారు. బజారులో కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే రంగు తేకండి. రోడమిన్-బి అనే రంగు ఉంది. అది బట్టలకు వేసే రంగు, తినేది కాదు. మెరిసే గులాబి రంగు వస్తుందని కొందరు తిండిలో కలుపుతారు. ఆ రంగు దొరికినందుకే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచు మిఠాయిని నిషేధించింది. మరుసటి నెలలో కర్ణాటక కూడా రంగు వేసిన పీచు మిఠాయిని నిషేధించింది. ముగ్గు రంగులు, హోలీ రంగులు అసలే వద్దు. సీలు వేసిన సీసా కొంటే చీటీ చదవండి. తిండి రంగు అని రాసి ఉండాలి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. గుర్తు, దాని కింద 14 అంకెల నంబరు, తేదీ ఉండాలి. మీకు చదవడం వచ్చు కదా, దుకాణం ముందే నిలబడి అంకెలు లెక్కపెట్టండి. వాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

నన్నడిగితే రంగు ఇంట్లోనే ఉంది. బీట్‌రూట్ తురిమి, రసం పిండి, చిక్కబడేదాకా మరిగించి చల్లార్చండి. నాలుగు చుక్కలు చాలు, మంచి గులాబి రంగు వస్తుంది. పచ్చ రంగుకు చిటికెడు పసుపు. అయితే పసుపును క్రీములోనే వేయాలి. సోడా వేసిన పిండిలో వేస్తే ఎర్రబడుతుంది. పసుపు, సున్నం కలిపి పారాణి చేస్తాం కదా, అదే సంగతి.

మీద ఏం పేర్చాలి? "నాకు డిజైన్లు రావు" అన్నది అక్క. నాకు నవ్వొచ్చింది. ప్రతి ఏడూ సిబ్బిలో తంగేడు, గునుగు పూలతో మనిషి మోకాలెత్తు బతుకమ్మ పేర్చే చేతులవి. బతుకమ్మను ఎలా పేరుస్తాం? అంచు నుండి మొదలుపెట్టి, వరుస మీద వరుస, లోపలికి చిన్నగా. కేకు కూడా అంతే. అంచు చుట్టూ వేయించి పొట్టు తీసిన పల్లీలు. దాని లోపల కొబ్బరి తురుము. దాని లోపల దానిమ్మ గింజలు, లేదా మామిడి ముక్కలు. నడుమ పేరుకు చోటు వదలాలి. అరటిపండు పెడితే ముక్కల మీద నిమ్మరసం రాయండి, నల్లబడదు. పండ్లు వడ్డించే ముందే పెట్టండి. ముందే పెడితే రసం కారుతుంది.

పూలు పెట్టాలనిపిస్తే మీ ఇంటి గులాబీ రేకులు కడిగి పెట్టండి. బజారు పూలకు మందు కొట్టి ఉంటారు. గన్నేరు పువ్వు, ఆకు ఏదీ కేకు దగ్గరికి రానివ్వకండి. అది విషం.

ఇప్పుడు పేరు. బేకరీ కేకులో అక్కకు అన్నిటికన్నా నచ్చింది అదే. "పేరు మాత్రం వాళ్ళతోటి రాపిస్త" అన్నది. ఆమె మా బడికి వచ్చి ఎనిమిది నెలలు. బిడ్డ పేరు పలక మీద రోజూ రాస్తుంది. మరి కేకు మీద ఎందుకు రాయదు?

మైదాకు కోను పట్టినవాళ్ళకు ఇది వస్తుంది. కొత్త పాలిథిన్ సంచిలో బీట్‌రూట్ రంగు కలిపిన క్రీము నింపండి. మూలను సూది మొన కన్నా కొంచెం పెద్దగా కత్తిరించండి. మొనను కేకుకు ఆనించకండి. ముగ్గు పోసినట్టు కొంచెం ఎత్తు నుండి దారంలా వదలండి.

ముందు ఒక పళ్ళెం వెనక రాసి చూడండి. అక్క చూడలేదు. మొదటి అక్షరం పలక మీద రాసినంత పెద్దగా రాసింది. మూడో అక్షరానికి అంచు వచ్చింది. నాలుగోది పల్లీల మీద పడింది. చాకును నీళ్ళలో ముంచి, మెల్లగా గీరి, మళ్ళీ తెల్ల క్రీము పూశాం. ఈసారి కేకు అడ్డం కొలిచి ఒక దారం కత్తిరించాం. దాన్ని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచాం. నాలుగు భాగాలు, నాలుగు అక్షరాలు. మన తెలుగు అక్షరాలకు పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. ఆ బిడ్డ పేరులో ఒత్తు ఉంది. అందుకని వరుసను నడిమికి కాస్త పైన మొదలుపెట్టాం. కింద ఒత్తుకు చోటు దొరికింది.

రెండోసారి పేరు పట్టింది. ఒత్తు కొంచెం వంకర పోయింది. సరిచేద్దామా అని అడిగాను. "ఉండనీయ్ టీచరమ్మా, నేను రాసిందని తెల్వాలె" అన్నది.

వాళ్ళింట్లో దీపం ఊది ఆర్పడం ఇష్టం లేదు. కేకు పక్కన ప్రమిద వెలిగించి పెట్టారు. సరుకులన్నీ కలిపి రెండు వందలు దాటలేదు, వెన్న ఇంటిదే కాబట్టి.

వెన్న క్రీము పూసిన కేకు ఆ రాత్రికే తినేయండి. క్రీము లేని ముక్కలు మూత డబ్బాలో రెండు రోజులు ఉంటాయి. ఆ బిడ్డ హాస్టలుకు అవే తీసుకుపోయింది. పేరున్న ముక్కను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. రాత్రే వాళ్ళమ్మకు ఒత్తు భాగం తినిపించి, మిగతాది తను తిన్నది.