ఇబోగా వేరుకు అడవి సాక్ష్యం చాలదు

మధ్య ఆఫ్రికాలోని గాబన్ అడవుల్లో పెరిగే ఇబోగా పొద వేరుబెరడుకు, హెరాయిన్ మాన్పించే మందుగా ఈమధ్య పెద్ద పేరు వచ్చింది. ఆ పేరు వెంట ఒక వాదన కూడా నడుస్తోంది: తరతరాలుగా వాడుతున్నారు కాబట్టి పనిచేస్తుంది, హాని చేయదు అని. పేచీ అక్కడే ఉంది. అక్కడి బ్విటి అనే మత సంప్రదాయంలో దీక్ష తీసుకునేవాళ్లు పూర్వీకుల దర్శనం కోసం ఈ బెరడును పెద్ద మోతాదులో తింటారు. వేటగాళ్లు నిద్ర, అలసట రాకుండా కొద్దికొద్దిగా నమిలేవాళ్లు. హెరాయిన్ వాళ్ల బెడదే కాదు. వ్యసనానికి ఇది విరుగుడు కావచ్చన్న ఊహ 1962లో అమెరికాలో పుట్టింది. హోవార్డ్ లాట్సాఫ్ అనే 19 ఏళ్ల హెరాయిన్ బానిస కొత్త మత్తు దొరుకుతుందని, ఈ వేరులోని ఇబోగెయిన్‌ను మింగాడు. మత్తు దిగాక చూసుకుంటే, హెరాయిన్ ఆపితే రావలసిన ఒళ్లునొప్పులూ వణుకూ రాలేదు, మళ్లీ కావాలన్న యావా లేదు. అంటే మనం సంప్రదాయం అంటున్న ఈ వైద్యం వయసు ఆరు దశాబ్దాలు దాటిందంతే.

అలాగని ఇబోగెయిన్‌ను కొట్టిపారేయలేం. 1990ల మొదట్లో చేసిన ప్రయోగాల్లో, ఈ మందు ఇచ్చిన ఎలుకలు తమంతట తాము మార్ఫిన్ తీసుకోవడం తగ్గించాయి. శరీరం దీన్ని నోరిబోగెయిన్ అనే పదార్థంగా మారుస్తుంది. అది ఒంట్లో ఎక్కువకాలం నిలుస్తుంది కనుక ఒక్క మోతాదు ప్రభావమే రోజుల తరబడి ఉండవచ్చు. కానీ ఇదే మందు గుండె కణాల్లోంచి పొటాషియం బయటికి పోయే దారులను అడ్డుకుంటుంది. దాంతో ఒకసారి కొట్టుకున్న గుండె మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయం పెరుగుతుంది. హద్దు దాటితే లయ తప్పి ప్రాణమే పోవచ్చు. 1990 నుంచి 2008 వరకు, ఇబోగెయిన్ తీసుకున్న 76 గంటల్లోపు చనిపోయిన 19 మంది వివరాలను 2012లో ఒక అధ్యయనం పరిశీలించింది. వారిలో చాలామందికి ముందే గుండె జబ్బో, ఒంట్లో వేరే మత్తుపదార్థాలో ఉన్నాయి. మందు తప్పేమీ లేదనడానికి సమర్థకులు దీన్నే చూపిస్తారు. నాకైతే ఇది తలకిందుల వాదన అనిపిస్తుంది. ఏళ్లుగా మత్తుకు అలవాటుపడి, వాంతులు విరేచనాలతో పొటాషియం పడిపోయి, హెరాయిన్‌కు బదులుగా ఇచ్చే, గుండె లయపై ప్రభావం చూపే మెథడోన్ మందు కూడా వాడుతుండే మనిషే కదా ఈ మందు కోసం వచ్చేది! దీక్షకు కూర్చునే ఆరోగ్యవంతుడి అనుభవం అతనికి పూచీ కాదు.

అసలు పరీక్షలే జరగనివ్వలేదు కదా అన్న ఫిర్యాదులో నిజముంది. అమెరికా చట్టం ఇబోగెయిన్‌ను హెరాయిన్ సరసన నిషిద్ధ జాబితాలో పెట్టింది. అయితే మొక్కలన్నిటినీ కంపెనీలు తొక్కేస్తాయన్న మాటకు సైటిసిన్ కథ అడ్డొస్తుంది. యూరప్‌లోని లాబర్నమ్ అనే విషపు చెట్టు గింజల్లో ఉండే ఈ పదార్థాన్ని బల్గేరియా 1964 నుంచి సిగరెట్ మాన్పించే మాత్రగా అమ్మింది. పశ్చిమ దేశాలు దశాబ్దాలపాటు దాన్ని పట్టించుకోలేదు. చివరికి పోలండ్‌లో 740 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి: ఏడాదిపాటు సిగరెట్ ముట్టనివారు సైటిసిన్ మింగినవాళ్లలో 8.4 శాతం, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 2.4 శాతం. చూడ్డానికి చిన్న అంకెలే, కానీ నమ్మదగిన అంకెలు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని సిఫారసు చేసింది. చెట్టు ఎంత పాతదన్నది అక్కడ ఎవరూ అడగలేదు. మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నాళ్లు వాడాలి, ఎంతమంది మానారు అనే అడిగారు.

చావుబతుకుల్లో ఉన్నవాడు పరీక్షల కోసం ఆగాలా అంటారు. ఆగనక్కర్లేదు. హెరాయిన్ బానిసల మరణాలను తగ్గిస్తాయని తేలిన మెథడోన్, బుప్రెనార్ఫిన్ ఇప్పటికే ఉన్నాయి. బుప్రెనార్ఫిన్‌ను నల్లమందు మొక్కలోని థెబెయిన్ నుంచే తయారుచేస్తారు, కనుక వైద్యానికి మొక్కలంటే కోపమేమీ లేదు. ఇబోగెయిన్ విషయంలో 2024లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనం ఆశ పెంచింది. అందులో 30 మంది మాజీ సైనికులకు గుండె రక్షణగా మెగ్నీషియం కూడా కలిపి ఇచ్చారు. వారి కుంగుబాటు బాగా తగ్గింది. కానీ పోల్చి చూడటానికి మరో బృందం లేదు, చికిత్స చేసింది మెదడు దెబ్బలు తిన్నవారికి, వ్యసనపరులకు కాదు. 2025లో టెక్సస్ రాష్ట్రం పరీక్షల కోసం 5 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ డబ్బు పోల్చి చూసే పరీక్షలకే పోవాలి.

మన పెరటి నందివర్ధనం కూడా ఇబోగా కుటుంబంలోదే. దానిలోని కొరోనారిడిన్ ఇబోగెయిన్‌కు దగ్గరి చుట్టం. ఆ అణువుకే మార్పు చేసి, గుండెకు ముప్పు తక్కువగా ఉండే మందు కోసం శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. అంతమాత్రాన ఎవరూ నందివర్ధనం వేరు కషాయం కాచుకోవద్దు! ఇక గాబన్ 2000లో ఇబోగాను జాతీయ సంపదగా ప్రకటించింది. సంప్రదాయానికి మందును ధ్రువీకరించే హక్కు లేకపోయినా, దాని నుంచి వచ్చే లాభంలో వాటా అడిగే హక్కు ఉంది. టెక్సస్ పరీక్షలు ఫలిస్తే, ఆ లెక్క కూడా తేల్చాలి.